జొన్నరొట్టెల్లో వచ్చిన మాత్రలు

మా ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా డాక్టరుకు జవాబులు చెప్పేది మా అత్త. గదిలోకి పోగానే రోగి స్టూలు పక్కన ఇంకో స్టూలు ఉందా లేదా అని చూస్తుంది. లేకపోతే బయటి నుంచి తెప్పిస్తుంది. మామ బతికున్న రోజుల్లో, కడుపులో నొప్పి ఎక్కడో ఆయన చూపించబోతే, ఆయన చేతిని పక్కకు నెట్టి తానే చూపించిందట. మా ఆయన ఓబులేసు తండ్రయ్యాడు. ఇప్పటికీ జ్వరమొస్తే డాక్టరు ముందు నాలుక చాపడం వరకే ఆయన పని. మిగతాది అత్త చూసుకుంటుంది.

ఇది ముందే చెప్పకపోతే, నా జబ్బు సంగతి విన్నాక మీరు నన్ను వట్టి తెలివితక్కువ దాన్ని అనుకుంటారు. నేను బీకాం చదివాను. మా మగ్గం మీద నేసే చీరలను ఫోనులో గ్రూపులు పెట్టి అమ్ముతాను. బేరమాడే ఆడవాళ్ళను మాటతో నిలబెట్టగలను. అట్లాంటిదాన్ని, ఒకే ఒంట్లోకి రెండు రకాల మాత్రలు వేసుకుంటూ, ఒకదాని సంగతి ఇంకోదాన్ని రాసిన డాక్టరుకు చెప్పకుండా నెలలు గడిపాను. దాంతో అనుకోకుండా ఒక బిడ్డ కడుపున పడింది. ఆ బిడ్డ దక్కుతుందా, దక్కినా ఎట్లా పుడుతుందని నేను పడిన భయం పగవాళ్ళకు కూడా వద్దు. ఇప్పుడు నవ్వుకుంటూ రాస్తున్నాను కానీ, అప్పుడు నవ్వినవాళ్ళను చూస్తే కొట్టాలనిపించేది.

మాఘం

దగ్గు మాఘమాసంలో మొదలైంది. మాది ఒంటిమిట్టకు దగ్గరలో ఒక నేతపేట. ఇంటింటికీ మగ్గం, ఇంటింటికీ నూలు దుమ్ము, అందువల్ల ఇంటింటికీ దగ్గు. పేటలో దగ్గితే ఎవరూ తలెత్తి చూడరు. అత్త మిరియాల కషాయం పోసింది. తరువాత మందుల షాపు నుంచి తియ్యటి మందు తెచ్చింది. సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం, ఒళ్ళంతా చెమట. జాకెట్లు వదులయ్యాయి. చీరలు కట్టుకుని ఫోటోలు పెట్టేది నేనే కాబట్టి, సన్నబడ్డానని లోపల్లోపల సంబరపడ్డాను కూడా. ఒకామె చీర కొనకుండా, అక్కా ఏం తింటున్నారు ఇంత నాజూకయ్యారు అని అడిగింది. ఏమీ తినబుద్ధి కావడం లేదని నిజమే చెప్పాను. ఆమె నమ్మలేదు.

ఒకరోజు తెమడలో ఎర్రటి చార కనబడింది. మా ఆయన మగ్గం గుంతలో నుంచి లేచి చొక్కా వేసుకున్నాడు. పని మధ్యలో ఆయన మగ్గం దిగడం నేను పెళ్ళయ్యాక చూడలేదు. భయం అప్పుడు పట్టుకుంది.

కడపలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరకు పోయాం. బయట బల్లల మీద అందరూ ఒకరినొకరు చూసుకోకుండా కూర్చుని ఉన్నారు. కమలాపురం వైపు రైతు ఒకాయన మాత్రం పెద్ద గొంతుతో అందరినీ పలకరిస్తున్నాడు. నా వైపు తిరిగాడు.

“నాకు టీబీ, రెండోసారి. నీకేందమ్మా?”

బల్ల మీద ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు. ఒకాయన తనకు జలుబన్నాడు. ఒకామె దుమ్ము పడదంది. మా అత్త, మాకేమీ లేదు, ఊరికే ఒకసారి చూపించుకుని పోదామని వచ్చామంది. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరకు ఊరికే ఎవరు పోతారో నాకు తెలియదు. పెద్దాయన నవ్వి, తాను తాగబోతున్న మజ్జిగ ప్యాకెట్టు నా చేతిలో పెట్టాడు. అంత దగ్గులో కూడా అది అమృతంలా దిగింది.

పరీక్షలన్నీ అయ్యాక టీబీ అని తేలింది. ఆర్నెల్లు మాత్రలు వేసుకుంటే పూర్తిగా పోతుందన్నాడు డాక్టరు. ఇంతకు ముందు జబ్బులేమైనా ఉన్నాయా, ఇంకేమైనా మాత్రలు వాడుతున్నారా అని అడిగాడు. పక్క స్టూలు మీద నుంచి అత్త గర్వంగా చెప్పింది.

“తలకాయనొప్పికి గూడా మాత్ర ఏసుకోదు సార్ మా పిల్ల. అంత గట్టిది.”

నేను నేల మీది టైల్సు చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే, మా పాప హారిక పాలు మానినప్పటి నుంచీ నేను పిల్లలు పుట్టకుండా మాత్రలు వేసుకుంటున్నాను.

ఆ సంగతి మా ఆయనకు తెలుసు. మొదటి కాన్పు నన్ను చంపి బతికించింది. చీరల వ్యాపారం ఇప్పుడిప్పుడే నిలబడుతోంది. రెండో బిడ్డను కొన్నేళ్ళు ఆగి కందామని మేమిద్దరం అనుకున్నాం. అత్తకేమో ఆ ఆలోచనే గిట్టదు. నెలనెలా నా మొహం చూసి, ఈసారి కూడా లేదా అని నిట్టూర్చేది. పేటలో ఉన్న ఒక్క మందుల షాపు ఆమెకు తమ్ముడి వరసవాడిది. అక్కడ నేను దగ్గు బిళ్ళ కొన్నా రాత్రికి ఇంట్లో చర్చ జరుగుతుంది.

అందుకని మా అక్క శారద సాయం చేసింది. అక్క కర్నూలులో ఉంటుంది. తాను చూపించుకునే లేడీ డాక్టరు దగ్గరకు తీసుకుపోయి మాత్రలు రాయించింది. కరకరలాడేటట్టు ఎండగా కాల్చిన జొన్నరొట్టెలు కర్నూలులో కట్టలు కట్టి అమ్ముతారు. నెలనెలా ఆ కట్ట మధ్యలో మాత్రల అట్ట పెట్టి బస్సులో పార్శిలు చేసేది. అట్ట నాకు, రొట్టెలు ఇంటికి. అత్తకు ఆ రొట్టెలంటే ప్రాణం. చెల్లెలి అత్తకు నెలనెలా రొట్టెలు పంపే మనిషి ఈ కాలంలో ఎక్కడైనా ఉందా అని పేటంతా చెప్పుకునేది. నేను తల వంచుకుని అవునత్తా అనేదాన్ని.

టీబీ తేలిన రోజు బస్సులోనే అత్త తీర్పు చెప్పింది. పేటలో ఎవరికీ తెలియకూడదు. అంతకంటే ముఖ్యంగా, మా పుట్టింటివాళ్ళకు అసలు తెలియకూడదు. “అత్తింట్లో కూడు పెట్టల్య, అందుకే పిల్లకు రోగమొచ్చినాదంటారు. నా మొగాన ఉమ్మేస్తారు,” అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు జాలేసి సరేనన్నాను.

అట్లా, కడప డాక్టరుకు కర్నూలు మాత్ర తెలియదు. కర్నూలు డాక్టరుకు కడప మాత్ర తెలియదు. అత్తకు ఒక సగం, అక్కకు ఒక సగం. రెండూ తెలిసినవాళ్ళం నేనూ మా ఆయనా. ఆ రెండింటికీ లోపల పడదని మా ఇద్దరికీ తెలియదు.

చైత్రం

మాత్రలు మొదలుపెట్టాక మూత్రం కాషాయం రంగులో వస్తుందని, భయపడవద్దని డాక్టరు చెప్పాడు. కన్నీళ్ళకు కూడా రంగు వస్తుందని చెప్పలేదు. చెప్పాడేమో, అత్త విని ఉంటుంది. ఒంటిమిట్ట రాములవారి కళ్యాణానికి మాస్కు పెట్టుకుని పోయాను. తాళి కట్టే వేళకు నాకు ఏడుపొచ్చింది. భక్తి కొంత, భయం కొంత. తెల్ల రుమాలుతో తుడుచుకున్నాను. అత్త ఆ రుమాలు లాక్కుని వెలుతురుకు పట్టి చూసింది. లేత నారింజ మరక. ఆమె జీవితమంతా నూలు రంగులతో గడిపిన మనిషి. దేవుడి పెళ్ళి అటు జరుగుతుంటే, ఏ చీర రంగు పోతోందని నా కొంగు, పక్కామె కొంగు వేలితో రుద్ది చూస్తూ కూర్చుంది. ఇది నా కంటి రంగేనని ఇంటికి వచ్చాక చెబితే, ఈ రంగు మన దగ్గర లేదే అని ఆశ్చర్యపోయింది.

జబ్బు మనిషికి బలం పెట్టాలని రోజూ గుడ్లు, పప్పు, వేరుశనగ ఉండలు నా ముందు పెట్టి కదిలేది కాదు. జ్వరం పోయింది, ఒళ్ళొచ్చింది. మాస్కు పెట్టుకుని, గుడ్లు తింటూ, వేరే గదిలో పడుకుంటున్న కోడలిని పేట చూసింది. సుజాతకు నెల తప్పిందని తేల్చేసింది. ఒకామె పచ్చి మామిడికాయలు కూడా తెచ్చిచ్చింది. అప్పటికి నాకేమీ లేదు. టీబీ అని చెప్పలేక అత్త కాయలు తీసుకుని ఆవకాయ పెట్టింది.

వైశాఖం, జ్యేష్ఠం

వైశాఖంలో మళ్ళీ తెమడ పరీక్ష చేసి, ఇక నా వల్ల ఎవరికీ అంటదన్నారు. నా పడక మళ్ళీ మా గదిలోకి వచ్చింది. ఎన్నో వారాలు గోడకు అటొకరు ఇటొకరు పడుకున్న మొగుడూ పెళ్ళాల సంగతి మీకు వివరించనక్కర్లేదు. కర్నూలు మాత్ర మీద మాకు గట్టి నమ్మకం. ఒక్కపూట కూడా తప్పలేదు.

జ్యేష్ఠంలో ఎండలు మండుతుంటే వాంతులు మొదలయ్యాయి. నెల తప్పింది. వేడి చేసిందని ఇంట్లో అందరం ఒకే మాట అన్నాం. ఇంత బలమైన మాత్రలు వేసుకుంటే ఒళ్ళు ఉడకదా అంది అత్త. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, రాగి అంబలి, నెత్తిన ఆముదం. నేను నడుస్తుంటే ఆముదం కారేది. మాత్రలకు వికారం ఉంటుందని డాక్టరు ముందే అన్నాడు కాబట్టి నాకూ అనుమానం రాలేదు. కడుపు లేనప్పుడు కడుపుందని పేటంతా అంది. నిజంగా వచ్చాక మా ఇంట్లో ఒక్కరమూ నమ్మలేదు.

ఆషాఢం

చివరకు నాకే అనుమానమొచ్చింది. చీరల కొరియరు పనికని కడప పోయి, పరీక్ష కిట్టు కొనుక్కొచ్చాను. రెండు గీతలు వచ్చాయి. ఆ రంగు చూసి, ఇదీ మాత్రల రంగేనేమో, కిట్టు మోసపోయిందేమో అని ఇంకోటి తెచ్చాను. అదీ రెండే చూపించింది.

నేల మీద కూలబడ్డాను. బిడ్డ వచ్చిందని కాదు నా ఏడుపు. ఇన్ని వారాలుగా ఆ బిడ్డ మీద రోజూ పొద్దున గుప్పెడు మాత్రలు పోస్తున్నాను. ఎర్రవి, తెల్లవి, ఒక్కొక్కటి చిక్కుడు గింజంత. వాటికి నా కళ్ళ నీళ్ళే రంగు మారాయి. గోరంత లేని బిడ్డ ఏమై ఉంటుంది? ఫోనులో వెతికాను. అది నేను చేసిన రెండో పొరపాటు. ఫోను ఒక నిమిషం ఏమీ కాదంటుంది, ఇంకో నిమిషం లోకంలో ఉన్న అన్ని అవకరాలూ చూపిస్తుంది. మా ఆయన ఫోను లాక్కుని పడుగు దారాల కింద దాచాడు.

అక్కకు ఫోను చేసి కడుపొచ్చిందని మాత్రం చెప్పాను. కడపలో నేను చూపించుకునే ఆస్పత్రిలోనే పై అంతస్తులో లేడీ డాక్టరు ఉంది. అక్కను నేరుగా అక్కడికి రమ్మన్నాను. కింద అత్తతో టీబీ చూపించుకుని, ఆమెను మందుల కౌంటరు దగ్గర వరుసలో నిలబెట్టి, నేను పైకి పోవాలి. ఇదీ నా ఏర్పాటు. నాకు మహా తెలివైన ఏర్పాటుగా కనిపించింది.

అక్క ముందు బస్సుకే వచ్చేసింది. పైన ఇంకా తలుపు తీయలేదని కిందికి దిగి, ఊపిరితిత్తుల డాక్టరు బయట బల్ల మీద మా అత్తను చూసి పక్కన కూర్చుంది. నేను చీటీ రాయించుకుని వచ్చేసరికి ఇద్దరూ కుశల ప్రశ్నలు వేసుకుంటున్నారు. ఇక్కడికెందుకు వచ్చారని అక్క అడిగింది. నాకే ఆయాసమని అత్త చెప్పి, నమ్మించడానికి దగ్గడం మొదలుపెట్టింది. ఎదురుగా కమలాపురం పెద్దాయన ఆ దగ్గును శ్రద్ధగా విని, ఇది టీబీ దగ్గు కాదని తల ఊపాడు.

అక్క నన్ను పక్కకు లాగి గుసగుసలాడింది. మా అక్క గుసగుస మూడిళ్ళకు వినబడుతుంది.

“ఒక్కపూట తప్పకుండా మాత్రలు ఏసుకుంటాంటివి గదా, కడుపెట్ల వచ్చిందే?”

అత్త దగ్గడం ఆపేసింది. “ఏం మాత్రలు? ఏం కడుపు?”

సరిగ్గా అప్పుడే నర్సమ్మ బయటికి వచ్చి, టీబీ మాత్రలు తీసుకోవలసిన సుజాత ఎవరని గట్టిగా పిలిచింది.

“టీబీ ఏందే?” అంది అక్క.

నేను ఇద్దరి మధ్యా నిలబడి, అత్తకు కర్నూలు సంగతి, అక్కకు కడప సంగతి చెప్పాను. బల్ల మీద జనమంతా తమ జబ్బులు మరిచి విన్నారు. జబ్బు దాచినందుకు అక్క అత్తను అనరాని మాటలంది. అత్తకు తగిలిన దెబ్బ వేరు.

“అయితే ఆ రొట్టెలు నాకోసరం పంపిచ్చేది కాదా శారదమ్మా?”

పెద్దాయన నవ్వీ నవ్వీ ఊపిరాడక నీళ్ళు తాగాడు.

డాక్టరు గదిలోకి ఇద్దరూ నా వెనకే వచ్చారు. అత్తకు స్టూలు ఉంది. అక్క ఇంకోటి తెచ్చుకుంది. ఏమైందని డాక్టరు అడగగానే ఇద్దరూ నోరు తెరిచారు. నేను చెయ్యెత్తి ఆపాను. నా ఒంటి సంగతి నేనే చెప్తా సార్ అన్నాను. మొదటి నుంచి చివరిదాకా నేనే చెప్పాను. కర్నూలు అట్ట తీసి బల్ల మీద పెట్టాను.

ఆయన కళ్ళద్దాలు తీసి పెట్టాడు. నా మూత్రానికి రంగు తెచ్చే మాత్ర ఒకటుందట. అది లోపలికి పోయాక కాలేయం పని జోరందుకుంటుందట. పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రను అది తన పని తాను చేసుకోనివ్వకుండానే విరిచి బయటికి తోసేస్తుంది. రోజూ వేసుకున్నా వేసుకోనట్టే. ఈ ఆర్నెల్లూ, ఆ తరువాత ఇంకొన్ని వారాలూ వేరే పద్ధతి పాటించి ఉండాల్సిందన్నాడు. ఫిట్సుకు వాడే మాత్రల్లో కూడా కొన్ని ఇట్లాగే చేస్తాయట. వాటిలో కొన్ని కడుపులో బిడ్డకు కూడా మంచివి కావట. తాను కూడా ఆ మాత్రల సంగతి పేరు పెట్టి అడగాల్సిందని, నలుగురి ముందు అడగకూడదని ఒప్పుకున్నాడు.

ఇదంతా విన్న అత్త అక్క వైపు తిరిగి, చూస్తివా మా కడప మాత్ర ఎంత గట్టిదో అంది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

పైన లేడీ డాక్టరు స్కానింగు చేసింది. గుండె చప్పుడు వినిపించింది. బాగా ఆడుతోందని అత్త మెల్లగా అంది. నేను అడగాలనుకున్నది అడిగాను. ఇన్ని మాత్రలు మింగాను, నా బిడ్డ ఏమవుతుంది? ఆమె దాచలేదు. నేను వేసుకునే ఈ మాత్రలు కడుపుతో ఉన్నవాళ్ళకు కూడా ఇచ్చేవేనంది. టీబీకి ఒక ఇంజెక్షను ఉంది, అది కడుపుతో ఉన్నవాళ్ళకు ఇవ్వరు, నాకు ఇవ్వలేదు. ఏ తల్లికైనా నూటికి నూరు హామీ ఇవ్వలేనని, కానీ మాత్రలు మానేస్తే మాత్రం నాకూ బిడ్డకూ ఇద్దరికీ ముప్పని చెప్పింది. అదనంగా ఒక విటమిను మాత్ర రాసింది. ఆ తరువాత నన్నే చూస్తూ అడిగింది, నీకు ఈ బిడ్డ కావాలా అని.

నా ఒంట్లో బలం లేదని, ఇప్పుడొద్దని అక్క నా చెయ్యి పట్టుకుంది. అత్త నా మొహంలోకి చూస్తోంది. మా ఆయన గుర్తొచ్చాడు. పొద్దున బయల్దేరేటప్పుడు ఆయన ఒక్కటే అన్నాడు, నువ్వు ఏమంటే అది. నేను అనుకోని బిడ్డే. కానీ ఆ చప్పుడు విన్నాక వద్దనడానికి నాకు నోరు రాలేదు. కావాలన్నాను.

శ్రావణం

శ్రావణంలో చీరల గిరాకీ ఎక్కువ. మా ఇంట్లో మాత్రం మాత్రల యుద్ధం నడిచింది. డాక్టరమ్మ చెప్పింది అత్త చెవికెక్కింది కానీ మనసుకు ఎక్కలేదు. కడుపుతో ఉన్న మనిషి ఇన్ని మాత్రలు మింగడం ఆమె తన జన్మలో చూడలేదు. కాన్పయ్యేదాకా ఆపితే ఏం పోతుందని రోజూ సన్నగా నసిగేది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే మాత్రల డబ్బా లేదు. ఇల్లంతా వెతికాను. చివరకు దేవుడి అలమారలో, వెంకటేశ్వరుడి పటం వెనక కనిపించింది. దానికి కుంకుమ కూడా పెట్టి ఉంది.

ఆయప్పే కాన్పయ్యేదాకా చూసుకుంటాడని అత్త అలమారకు అడ్డం నిలబడింది. ఆమెను నెట్టి తీసుకోవచ్చు. నెట్టలేదు. ఆమె కూడా నా లాగే భయపడుతోందని నాకు తెలుసు.

“అత్తా, నేనుంటేనే గదా బిడ్డ ఉండేది,” అన్నాను.

ఆమె పక్కకు జరగలేదు. నేను చెప్పులు వేసుకుని, ఆమె చెయ్యి పట్టుకుని కడప బస్సెక్కించాను. ఆ రోజు కమలాపురం పెద్దాయన వచ్చే రోజని నాకు తెలుసు. ఆయన ఎప్పటిలాగే బల్ల మీద ఉన్నాడు. ఇప్పుడు బాగా నీరసించాడు. నేనేమీ అడగనక్కర్లేకపోయింది. అత్తే పోయి ఆయన పక్కన కూర్చుని, రెండోసారి ఎందుకు వచ్చిందని అడిగింది.

“కూతురి పెండ్లి పనుల్లో పడి నిలిపేస్తినమ్మా. దగ్గు పాయె, ఇంకేంటికిలే అనుకుంటి. ఈసారి మాత్రలూ ఎక్కువ, నెలలూ ఎక్కువ. ఒళ్ళు తట్టుకోలేకుండాది.”

తిరుగు బస్సులో అత్త కిటికీ వైపే చూసింది. ఇంటికి రాగానే డబ్బా దించి, కుంకుమ తుడిచి, నీళ్ళ చెంబుతో నా ముందు నిలబడింది. ఆ రోజు నుంచీ మాత్రలు ఆమె చేత్తోనే ఇచ్చింది. మింగాక నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసేది. పోలీసు స్టేషనులో కూడా అంత తనిఖీ ఉండదు.

భాద్రపదం దాటి

వినాయకచవితి తరువాత టీబీ మాత్రలు అయిపోయాయి. పరీక్షలన్నీ చేసి, జబ్బు పోయిందన్నారు. అక్కకు కోపం తగ్గి మళ్ళీ రొట్టెల కట్ట పంపింది. ఈసారి అత్త పేరు రాసి పంపింది. అత్త ఒక్కొక్క రొట్టె విడదీసి, వెలుతురుకు పట్టి చూసి, ఏమీ లేదని తేలాకే తిన్నది.

జబ్బు పోయినా భయం పోలేదు. బిడ్డ కాసేపు కదలకపోతే మాత్రలే చేశాయనుకునేదాన్ని. ఎక్కువగా కదిలితే కూడా మాత్రలే అనుకునేదాన్ని. స్కానింగుకు పోయినప్పుడల్లా వేళ్ళు లెక్కపెట్టమని అడిగేదాన్ని. లేడీ డాక్టరు విసుక్కోకుండా లెక్కపెట్టి చూపించేది. ఆమె పేరు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడిస్తాను. మా ఆయన సాయంత్రం మగ్గం దిగి నా పక్కన కూర్చుని, కాళ్ళు పట్టేవాడు. ఒకసారి, ఎట్లా పుట్టినా మన బిడ్డే కదా అన్నాడు. ఆ మాటకు నాకు ధైర్యం రావాల్సింది పోయి ఇంకా ఏడుపొచ్చింది. ఆయనకూ నా అంత భయం ఉందని అప్పుడే తెలిసింది.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఏ డాక్టరు దగ్గరకు పోయినా మీరు మింగే ప్రతి మాత్ర అట్టనూ సంచిలో వేసుకుపోయి బల్ల మీద కుమ్మరించండి. సిగ్గుపడే మాత్రే ముందు చూపించండి. చెప్పడానికి పక్కవాళ్ళు అడ్డమైతే, బయట కూర్చోమనండి. అలుగుతారు. అలగనీయండి, అన్నం వేళకు వాళ్ళే వస్తారు. మాత్రలు వేసుకుంటూ ఉండగా కడుపొస్తే మటుకు, మీ అంతట మీరు మానకండి, పరుగున పోయి అడగండి.

మళ్ళీ మాఘం

ఏడాది తిరిగి మాఘంలోనే కాన్పయింది. ఆడపిల్ల. మొదటిసారి కంటే తేలిగ్గానే బయటపడ్డాను. నర్సమ్మ బిడ్డను చూపించగానే నేను అడిగింది ఆడా మగా అని కాదు. అన్నీ ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయంది. అయినా నేను నమ్మలేదు.

పిల్లల డాక్టరు వచ్చి బిడ్డను ఒళ్ళంతా తడిమి, గుండె మీద, వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఆయన అంతసేపు వినడం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. నా టీబీ కాగితాలు కూడా చూశాడు. చివరకు గొట్టం మెడలో వేసుకుని, బిడ్డ బాగుంది, మీ జబ్బు ఎప్పుడో పోయింది, నిశ్చింతగా పాలివ్వండి అని చెప్పి పోయాడు. నేను ఆ మాటను లోపల ఇంకా ఇంకించుకోకముందే, పేట నుంచి చుట్టాలు గది నిండా వచ్చేశారు. అత్త ఆడబిడ్డ, అంటే మా ఆయనకు మేనత్త, అందరికంటే ముందుంది. చేతిలో పాలపొడి డబ్బా ఉంది.

బిడ్డ ఆకలికి ఏడుపు మొదలుపెట్టింది. మేనత్త డబ్బా బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి అంది.

“వదినా, సుజాతకు అప్పుడేందో రొమ్ము జబ్బంటాండారు గదా పేటలో. పాలు పట్టిస్తే బిడ్డకు అంటదా? అందుకే డబ్బా తెస్తి.”

గదిలో అందరూ అత్తను చూశారు. ఏడాదిగా అత్త టీబీ అనే మాట పేటలో ఎవరి నోటా రానివ్వలేదు. దుమ్మంది, వేడంది, దిష్టి తగిలిందంది. ఇప్పుడు కూడా ఏదో ఒకటి చెబుతుంది, మర్యాద కోసం ఆ డబ్బా విప్పుతుంది, నా బిడ్డకు నా పాలు దక్కవనుకున్నాను. నేనే చెబుదామని లేవబోయాను. కుట్లు సలిపి మళ్ళీ పడుకున్నాను.

అత్త బిడ్డను ఉయ్యాలలో నుంచి ఎత్తుకుంది. డబ్బా తీసి ఆడబిడ్డ చేతిలోనే పెట్టింది.

“రొమ్ము జబ్బు కాదు, టీబీ. నా కోడలికి టీబీ వచ్చినాది. మాత్రలన్నీ మింగినాది, పోయినాది. ఆ మాత్రల్లోనే ఈ పిల్ల పెరిగినాది. డాక్టరు పాలియ్యమనె. ఇప్పుడు పాలిస్తాది, అందరూ బయటికి నడవండి.”

అందరూ బయటికి నడిచారు. అత్త తలుపు దగ్గరగా వేసి వచ్చి, బిడ్డను నా రొమ్ముకు పెట్టింది.